మానని మచ్చ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో, విద్యుత్ ఇంజనీరుగా పనిచేస్తున్న ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి, "పావుగంట మాట్లాడాలి, విషయం నీ ఇష్టం" అన్నారు. ముప్పై ఏళ్లుగా సబ్‌స్టేషన్ల మధ్య బతుకుతున్నవాణ్ని కాబట్టి కరెంటు గురించి చెబుతాననుకుని ఉంటారు. "చర్మానికి వచ్చే క్షయను డాక్టర్లు ఎలా గుర్తిస్తారో చెబుతానండీ" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తరువాత మెల్లగా, "మనది జూబిలీ కదరా, అదీ భోజనాలకు ముందు" అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. అయినా ఈ విషయమే ఎంచుకున్నాను. అందుకు రెండు కారణాలున్నాయి.

మొదటిది, ఆ జబ్బు నాకు వచ్చింది. దాని పేరు తేలడానికి నాలుగేళ్లు పట్టింది. తేలాక ఆరు నెలల మందుతో పోయింది. నాలుగేళ్లకూ ఆరు నెలలకూ ఉన్న ఈ తేడా నన్ను ఆలోచింపజేసింది. రెండో కారణం, ఈ హాల్లో సగం మంది ఉపాధ్యాయులు. కొందరు మాకు చదువు చెప్పినవారు, కొందరు మాతో చదువుకుని బడిపంతుళ్లయినవారు. పిల్లల మెడ, మోచేయి, మోకాలు రోజూ కళ్ల ముందు కనిపించేది మీకే. ఆ జబ్బు పిల్లల్లో ఎక్కువగా కనబడేది అక్కడే.

నేను డాక్టర్ని కాను. నా మాటలు విని ఎవరూ తమ మచ్చకు తామే పేరు పెట్టుకోవద్దు, మందు అసలే కొనుక్కోవద్దు. డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో, వెళ్లాక ఏం జరుగుతుందో, ఒక రిపోర్టులో ఏమీ కనపడకపోయినా ఆయన ఎందుకు వదిలిపెట్టరో తెలుసుకుంటే చాలు.

చర్మానికీ క్షయ వస్తుంది

క్షయ అనగానే మనకు దగ్గు, కళ్లె, నెత్తురు, బక్కచిక్కిన మనిషి గుర్తుకొస్తారు. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం 1915లో మొదలైంది. మన పెద్దలకు క్షయ అంటే అలాంటి చోట నెలల తరబడి పడి ఉండడం. కానీ ఈ క్రిమికి ఊపిరితిత్తులే కావాలన్న నియమం లేదు. గ్రంథులకు, ఎముకలకు, పేగులకు, మెదడు పొరలకు, చర్మానికి కూడా వస్తుంది. ఊపిరితిత్తులు కాక మిగతా అవయవాలకు వచ్చే క్షయలో చర్మానిది నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే. చిన్న భాగమే. అయితే మన దేశంలో క్షయ రోగుల సంఖ్య లక్షల్లో ఉంటుంది కనుక ఆ చిన్న భాగం కూడా తక్కువేమీ కాదు. అరుదు కావడం వల్లే అది ఎవరికీ చప్పున తట్టదు.

చర్మంలోకి ఈ క్రిమి మూడు దారుల్లో వస్తుంది. ఏ దారిన వచ్చిందో దాన్నిబట్టి రూపం మారుతుంది.

ఒకటి, లోపలి నుంచి పైకి. మెడలోనో చంకలోనో గ్రంథికి క్షయ సోకి బిళ్ల కడుతుంది. మామూలు సెగగడ్డలాగా ఎర్రబారదు, కాలదు, పెద్దగా నొప్పి ఉండదు. కొన్ని వారాలకో నెలలకో మెత్తబడి, పైచర్మం నీలంగా మారి, పగిలి రసి కారుతుంది. ఒకచోట మానితే పక్కన ఇంకో నోరు తెరుచుకుంటుంది. మన పాతవాళ్లు గండమాల అన్నది చాలాసార్లు ఇదే. మన పిల్లల్లో ఎక్కువగా కనబడేది ఈ రూపమే.

రెండు, బయటి నుంచి లోపలికి. గీరుకున్నచోట, గుచ్చుకున్నచోట క్రిమి దిగబడుతుంది. ఒంట్లో అప్పటికే క్షయను ఎదిరించే శక్తి కొంత ఉన్నవారికి అక్కడ గరుకైన పులిపిరిలాంటిది లేస్తుంది. చేతివేళ్లు, పాదాలు, మోకాళ్లు దీనికి అనువైన చోట్లు. స్టెతస్కోపు కనిపెట్టిన ఫ్రెంచి వైద్యుడు లాయెనెక్, శవపరీక్షలు చేసే రోజుల్లో తన వేలికే ఇలాంటిది వచ్చిందని రాసుకున్నాడు. అప్పటికి క్షయ క్రిమి సంగతి ఎవరికీ తెలియదు. రాబర్ట్ కాక్ దాన్ని బెర్లిన్‌లో లోకానికి ప్రకటించింది 1882 మార్చి 24న.

మూడు, నెత్తురు దారినో లింఫు నాళాల దారినో వచ్చి చర్మంలో స్థిరపడేది. దీనికి లూపస్ వల్గారిస్ అని పేరు. లూపస్ అంటే లాటిన్‌లో తోడేలు. ముఖం మీద వచ్చి, మందు లేని కాలంలో ముక్కును, చెవిని కొరికేసినట్టు తినేసేది కనుక ఆ పేరు. మన దేశంలో పెద్దవాళ్లలో ఎక్కువగా కనబడే రూపం ఇదే. ఇక్కడ ముఖం కంటే పిరుదులు, తొడలు, కాళ్ల మీద ఎక్కువ. అంటే బట్ట కప్పేసే చోట్ల. నాకు వచ్చింది ఈ మూడోదే.

నా కాలి మీద

ఎడమ మోకాలి కింద, బయటివైపు, కందిగింజంత ఎర్రటి పొక్కు. దురద లేదు, నొప్పి లేదు. ఏడాదికి రూపాయి బిళ్లంత అయింది. రెండేళ్లకు అరచేతిలో సగం. ఒక పక్క అంచు ముందుకు జరుగుతుంటే, వెనకవైపు మాని, కాలిన కాగితంలా పలచటి మచ్చ మిగిలేది. ఒక పక్క మానుతూ ఇంకో పక్క పాకడం అనేది ఈ జబ్బు గుణం.

మొదట చూసిన క్లినిక్‌లో తామర అన్నారు. వాళ్లిచ్చిన పూతమందులో ఫంగస్ మందుతోపాటు స్టెరాయిడ్ కూడా ఉంది. రాసిన పది రోజులకు ఎరుపు తగ్గి ఇంటిల్లిపాదీ సంతోషించాం. మానేస్తే మళ్లీ వచ్చింది. మరోచోట సోరియాసిస్ అన్నారు. ఇంకోచోట కుష్ఠు కావచ్చన్నారు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. "దీర్ఘకాలపు వాపు, క్షయ క్రిములు కనపడలేదు" అని రిపోర్టు వచ్చింది. క్షయ కాదన్నమాట అని అక్కడితో ఆ ఫైలు మూసేశారు.

చివరికి ఒక ప్రభుత్వ వైద్య కళాశాల చర్మవ్యాధుల విభాగంలో ఒక ప్రొఫెసరమ్మ చూశారు. ఫైలు మొదటి నుంచి చివరిదాకా చదివారు. క్రిములు కనపడలేదన్న రిపోర్టు దగ్గర ఆగి, "ఏం పని చేస్తారు మీరు?" అని అడిగారు. చెప్పాను. "అయితే చెప్పండి ఇంజనీరుగారూ, ట్రాన్స్‌ఫార్మర్ బాగుందో పాడైందో ఒక్క మీటరు చూసి చెప్పేస్తారా?" అన్నారు.

చెప్పం. ట్రాన్స్‌ఫార్మర్‌ను విప్పి చూడలేం కాబట్టి దాని నూనె తీసి అందులో కరిగిన వాయువులు చూస్తాం. ఎసిటిలీన్ ఉంటే లోపల ఎక్కడో నిప్పురవ్వలు లేచాయని అనుమానం. అయినా అక్కడే తీర్పు చెప్పం. చుట్ల నిరోధం కొలుస్తాం, ఇన్సులేషన్ కొలుస్తాం, లోడు ఎంత ఎక్కింది, ఎప్పుడెప్పుడు ట్రిప్ అయింది అని లాగ్‌బుక్ తిరగేస్తాం. అన్నీ ఒకే వైపు వేలు చూపిస్తే అప్పుడు మాట్లాడతాం. చర్మక్షయ నిర్ధారణ కూడా అచ్చం ఇలాంటిదేనని ఆవిడ దగ్గర తెలుసుకున్నాను.

కన్ను, వేలు, గాజుపలక

మొదటి పరీక్ష ఖర్చులేనిది. చూడడం, తాకడం. మచ్చ ఎన్నాళ్ల నుంచి ఉంది, ఎటు పాకింది, మధ్యలో మాని మచ్చ కట్టిందా, దగ్గరలో బిళ్లలున్నాయా, ఇంట్లో ఎవరైనా క్షయ మందులు వాడారా. బీసీజీ టీకా వేయించారా అని కూడా అడుగుతారు.

తరువాత స్పర్శ చూస్తారు. కుష్ఠు మచ్చ మీద చాలాసార్లు స్పర్శ తగ్గుతుంది, క్షయ మచ్చ మీద మామూలుగా ఉంటుంది. కళ్లు మూసుకోమని దూదితో తాకి "ఎక్కడ తగిలింది?" అని అడిగారు. ప్రతిసారీ సరిగా చూపించాను. మా ఇంట్లో అన్నం మానిపించిన అనుమానం ఆ దూదిపింజతో సగం తీరింది.

ఆ తరువాత మైక్రోస్కోపు కింద పెట్టే మామూలు గాజుపలక తీసుకుని మచ్చ మీద గట్టిగా నొక్కి చూశారు. నొక్కితే అక్కడి నెత్తురు పక్కకు పోతుంది, ఎరుపు మాయమవుతుంది. క్షయ అయితే ఎరుపు పోయాక కూడా లోపల పసుపు కలిసిన గోధుమరంగు చుక్కలు మిగులుతాయి. పుస్తకాల్లో దీన్ని యాపిల్ జెల్లీ రంగు అంటారు. పేరు తెల్లవాళ్ల దేశాల నుంచి వచ్చింది. మన చామనఛాయ ఒంటి మీద అది అంత తేటగా కనపడదు. కనబడితే అనుమానం బలపడుతుంది, కనబడకపోతే కొట్టేయడానికి వీల్లేదు. ఆ చుక్కలు మెత్తగా కూడా ఉంటాయి, మొద్దు మొన ఉన్న పుల్ల ఆనించినా సులువుగా దిగుతుంది.

ముక్క తీయడం

అనుమానం కలిగాక తప్పనిసరి మెట్టు బయాప్సీ. మత్తు సూది వేసి, నాలుగైదు మిల్లీమీటర్ల గుండ్రటి ముక్క తీస్తారు. ఒకటి రెండు కుట్లు. బయాప్సీ అంటే క్యాన్సరే అనుకుని చాలామంది వెనక్కి తగ్గుతారు. పన్ను పీకించుకోవడం దీనికంటే కష్టం.

ఇక్కడ ఒక చిన్న విషయం చెబుతాను, ఇది నాకు బాగా నచ్చిన విషయం. తీసిన ముక్కను రెండుగా చేయాలి. ఒక భాగం ఫార్మలిన్‌లో, మరో భాగం శుభ్రమైన సెలైన్‌లో. ఫార్మలిన్‌లో కణజాలం చెడిపోకుండా నిలుస్తుంది కానీ అందులో క్రిములు చచ్చిపోతాయి. చచ్చిన క్రిమిని పెంచలేం. అందుకని కల్చర్ చేయాలంటే సెలైన్‌లో వేసిన ముక్క కావాలి. నా మొదటి ముక్క మొత్తం ఫార్మలిన్ సీసాలోకే వెళ్లింది. దాంతో రెండోసారి తీయాల్సి వచ్చింది. మీకో మీవారికో ఎప్పుడైనా ఇలాంటి పరీక్ష రాస్తే, "కల్చర్‌కు కూడా పంపుతున్నారా అండీ?" అని మర్యాదగా అడగండి. ఆ ఒక్క ప్రశ్న రెండో కోతను తప్పించవచ్చు.

ఫార్మలిన్ ముక్కను మైక్రోస్కోపు కింద చూస్తారు. క్షయ క్రిమిని చంపలేనప్పుడు మన రక్షణ కణాలు దాని చుట్టూ గుమిగూడి గోడ కడతాయి. దాన్ని గ్రాన్యులోమా అంటారు. అందులో కొన్ని కణాలు కలిసిపోయి పెద్దవవుతాయి, వాటి కేంద్రకాలు గుర్రపు నాడా ఆకారంలో వరుసకడతాయి. మధ్యలో జున్నులా చితికిన పదార్థం కనబడితే క్షయ వైపు మొగ్గు పెరుగుతుంది. అయితే లూపస్ వల్గారిస్‌లో ఆ జున్ను తక్కువగా ఉంటుంది, ఒక్కోసారి అసలుండదు. పైగా గ్రాన్యులోమా క్షయకే సొంతం కాదు. కుష్ఠులో, కొన్ని ఫంగస్ జబ్బుల్లో, సార్కాయిడోసిస్‌లో కూడా ఉంటుంది. కుష్ఠులో అవి నరాల వెంట వరుసకడతాయి. ఆ తేడా చెప్పగలిగేది అనుభవమున్న పాథాలజిస్టు.

"కనపడలేదు" అంటే "లేదు" కాదు

నా ప్రసంగం మొత్తంలో గుర్తుంచుకోవాల్సిన మాట ఒక్కటే అయితే అది ఈ శీర్షికే.

ఊపిరితిత్తుల క్షయ ముదిరినవారి కళ్లెలో క్రిములు కోకొల్లలు. రంగు వేసి చూస్తే ఎర్రటి కడ్డీల్లా కనబడతాయి. లూపస్ వల్గారిస్‌లో అలా కాదు. శరీరం గట్టిగా పోరాడుతోంది కనుక క్రిములు అతి తక్కువ. కొద్దిపాటి క్రిములే ఇంత గొడవ చేస్తాయి. అందుకని రంగు వేసి చూసినా చాలాసార్లు దొరకవు.

కల్చర్‌లో పెంచి చూద్దామంటే ఈ క్రిమి నిదానస్తుడు. మన పేగుల్లో ఉండే మామూలు బ్యాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెండవుతుంది. క్షయ క్రిమికి ఒకసారి రెండవడానికి పద్దెనిమిది గంటల నుంచి ఒక రోజు కావాలి. అందుకే కల్చర్ ఫలితానికి ఆరు, ఎనిమిది వారాలు ఆగాలి. ఆగినా చర్మపు ముక్కలో చాలాసార్లు పెరగదు.

ఇప్పుడు జిల్లా ఆసుపత్రుల్లో సీబీనాట్ అనే యంత్రం ఉంది. క్రిమి జన్యువును వెతికి దాదాపు రెండు గంటల్లో చెబుతుంది, రిఫాంపిసిన్ మందుకు క్రిమి లొంగుతుందో లేదో కూడా చెబుతుంది. అది కూడా అంతే. ఉందంటే నమ్మవచ్చు, దొరకలేదంటే వదిలేయకూడదు. అయితే మొదట చెప్పిన గండమాల రూపంలో ఇంత కష్టం ఉండదు. బిళ్లలోంచి సూదితో తీసిన రసంలోనో, పుండులోంచి కారే చీములోనో క్రిములు దొరికే అవకాశం బాగా ఎక్కువ. పిల్లల విషయంలో అది మన అదృష్టం.

ముంజేతిలో సూది వేసి 48 నుంచి 72 గంటల తరువాత గట్టిపడిన మేర కొలిచే మాంటూ పరీక్ష మీకు తెలుసు. ఆ క్రిమి ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని అది చెబుతుంది. ఇప్పుడు జబ్బు చేస్తోందని చెప్పదు. మన దేశంలో క్రిమి ఒంట్లో నిద్రపోతున్నవారు చాలామంది. కాబట్టి వాపు వచ్చిందని పెద్దవాళ్లకు క్షయ ముద్ర వేయలేం. తిండి చాలక నీరసించిన పిల్లలకు, హెచ్ఐవీ ఉన్నవారికి క్షయ ఉన్నా వాపు రాకపోవచ్చు.

ఇంకో మెట్టు, ఒంట్లో మిగతాచోట్ల వెతకడం. ఛాతీ ఎక్స్‌రే, గ్రంథులు, అవసరమైతే పొట్ట స్కానింగ్, హెచ్ఐవీ, షుగర్ పరీక్షలు. చర్మం మీది మచ్చ ఒక్కోసారి లోపలి జబ్బుకు బయటి బోర్డు. మచ్చ కోసం వెళ్లినవారికి ఎక్స్‌రేలో అసలు సంగతి బయటపడవచ్చు. అప్పుడు ఇంట్లోవాళ్లను కూడా పరీక్ష చేయించాలి.

నా లెక్క ఇలా తేలింది. మచ్చ తీరు క్షయలా ఉంది. స్పర్శ బాగుంది. మాంటూ వాపు బాగా వచ్చింది. రెండో ముక్కలో గ్రాన్యులోమాలున్నాయి. ఫంగస్ లేదు. ఎక్స్‌రే శుభ్రం. సీబీనాట్‌లో దొరకలేదు. కల్చర్‌లో కూడా పెరగలేదు. క్రిమి చివరిదాకా మొహం చూపించలేదు. అయినా మిగతావన్నీ కలిపి చదివి, "ఇది క్షయే, మందు మొదలుపెడదాం" అన్నారు ప్రొఫెసరమ్మ.

ఆర్క్ దీపం కింద ఒక ఇంజనీరు

ఈ జబ్బుతో మా వృత్తికి ఉన్న పాత చుట్టరికం ఒకటి అప్పుడే చదివాను. డెన్మార్క్‌లో నీల్స్ ఫిన్సెన్ అనే యువ వైద్యుడు వెలుతురుకు క్రిములను చంపే గుణముందని నమ్మాడు. 1895లో కోపెన్‌హాగెన్ విద్యుత్ కేంద్రంలో, కార్బన్ ఆర్క్ దీపం వెలుతురును ఒక మనిషి ముఖం మీద ఉన్న లూపస్ మీదికి రోజూ మళ్లించాడు. ఆ మొదటి రోగి నీల్స్ మోగెన్సెన్ ఒక ఇంజనీరు. మామూలు గాజు అతినీలలోహిత కిరణాలను ఆపేస్తుంది కనుక ఫిన్సెన్ స్ఫటికపు కటకాలు వాడాడు. వేడికి చర్మం కాలకుండా మధ్యలో నీళ్లు పారించాడు. నెత్తురు వెలుతురును లోపలికి పోనివ్వదు కనుక కటకాన్ని చర్మం మీద గట్టిగా నొక్కి నెత్తురు పక్కకు పోయేలా చేశాడు. ప్రొఫెసరమ్మ గాజుపలకతో చేసింది కూడా ఆ నొక్కుడే. ఒకటి చూడడానికి, ఒకటి మానడానికి. ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. మరుసటి ఏడే నలభై మూడేళ్ల వయసులో కన్నుమూశాడు. క్షయకు మంచి మందులు వచ్చాక ఆ దీపాలు మూలపడ్డాయి.

మందు చెప్పే సాక్ష్యం

ఇప్పుడు దీపాలు అక్కర్లేదు. మన జాతీయ కార్యక్రమంలో క్షయ మందులు ఉచితం. రెండు నెలలు నాలుగు మందులు, తరువాత నాలుగు నెలలు మూడు మందులు, బరువునుబట్టి రోజూ మాత్రలు. మూత్రం నారింజరంగులో వస్తుంది, అది రిఫాంపిసిన్ రంగు, భయపడక్కర్లేదు. చూపు మసకబారినా, కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా వెంటనే చెప్పాలి.

మందు కూడా ఒక సాక్షే. జబ్బు నిజంగా క్షయ అయితే చర్మం నాలుగు నుంచి ఆరు వారాల్లో మాట వినడం మొదలుపెడుతుంది. నాకు అయిదో వారానికి అంచు చదునై, పాకడం ఆగింది. ఆ వారాల్లో కదలిక లేకపోతే డాక్టరు మళ్లీ మొదటికి వెళ్లాలి. అది ఫంగసా, మందుకు లొంగని క్షయా, లేక క్షయకు దాయాదులైన వేరే క్రిములా అని చూడాలి. ఆ దాయాదుల్లో ఒకటి చేపలు, నీటితొట్లు ఉన్నచోట చేతి గాయంలోంచి వస్తుంది. ఒంటి వేడి కంటే తక్కువ వేడిలో బాగా పెరుగుతుంది కనుక లాబ్‌కు ఆ సంగతి ముందే చెప్పాలి. మన తీరం వెంట చెరువుల్లో దిగేవారు ఎందరో. చేతి మీద మానని పుండు ఉంటే, "మాకు చేపల పని, రొయ్యల పని" అని డాక్టరుకు ముందే చెప్పండి.

మందు సాక్ష్యం చెప్పాలంటే అంతకుముందు సాక్ష్యం చెరిపేయకూడదు. స్టెరాయిడ్ పూత ఎరుపును అణిచేసి మచ్చ రూపమే మార్చేస్తుంది. అలారం మోగుతుంటే తీగ కోసేసినట్టు. కొన్ని యాంటీబయాటిక్‌లు క్షయ మీద అరకొరగా పనిచేసి కల్చర్‌ను మూగ చేస్తాయి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబు వద్దు అనేది అందుకే.

ఇక మనుషుల సంగతి. నా మందులు మొదలైనప్పుడు మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. దగ్గరి చుట్టం ఒకాయన, "బావగారూ, ఏదో చర్మం జబ్బని చెప్పండి, ఆ రెండక్షరాల మాట ఎత్తకండి" అన్నారు. మేం ఎత్తాం. మగపెళ్లివారు రెండు ప్రశ్నలు అడిగారు. "అంటుకుంటుందా?" ఊపిరితిత్తుల్లో జబ్బు లేకుండా చర్మానికే వస్తే, సాధారణంగా పక్కన కూర్చున్నందువల్ల, కలిసి తిన్నందువల్ల అంటుకోదు. "నయమవుతుందా?" అవుతుంది. పెళ్లి జరిగింది. నిజానికి ఊపిరితిత్తుల క్షయకు కూడా ఇంట్లో ఉండి మందు వాడితే శానటోరియంలో ఉన్నంత బాగా నయమవుతుందని మద్రాసులో 1956లో మొదలైన అధ్యయనం ఏనాడో తేల్చింది. భయం మాత్రం ఇంకా ఆ శానటోరియం రోజుల్లోనే ఉంది.

బడికి నా మనవి

గురువులారా, మీరు జబ్బు తేల్చనక్కర్లేదు. మూడు సంగతులు గమనించండి చాలు. మెడలోనో చంకలోనో నొప్పి లేని బిళ్ల రెండు మూడు వారాలు దాటినా పోకపోవడం. పుండు మాని మళ్లీ మళ్లీ నోరు తెరవడం. చేతుల మీద, మోకాళ్ల మీద మచ్చ నెలల తరబడి ఉంటూ, ఒక పక్క మానుతూ ఒక పక్క పాకడం. వీటితోపాటు పిల్లవాడు బరువు తగ్గుతున్నా, సాయంత్రం జ్వరం వస్తున్నా ఆలస్యం వద్దు.

గమనించాక ఎలా చెప్పాలన్నది ముఖ్యం. తరగతి అందరి ముందూ వద్దు. వేరే బెంచీలో కూర్చోబెట్టడం అసలే వద్దు. తల్లినో తండ్రినో పిలిచి, "ఒకసారి ప్రభుత్వాసుపత్రిలో చూపించండమ్మా, భయపడకండి" అంటే చాలు. ప్రభుత్వ బడులకు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం వస్తుంది. ఆ పిల్లల పేర్లు ముందే రాసి ఉంచితే ఆ రోజున మరిచిపోరు. మొత్తం పాత కాగితాలు, పాత ట్యూబులు ఒక సంచిలో వేసుకుని వెళ్లమని కూడా చెప్పండి. నా కథ తేలింది ఆ సంచి వల్లే.

క్షయ అని తేలితే దాచడానికి ఏమీ లేదు. 2012 నుంచి ప్రైవేటు డాక్టర్లు కూడా ప్రతి కేసును ప్రభుత్వానికి తెలపాలి. తెలిపితే మందులు ఉచితం, చికిత్స సాగినంతకాలం పోషణ కోసం నెలకు వెయ్యి రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. సందేహాలకు నిక్షయ్ ఉచిత ఫోన్ నంబరు 1800-11-6666 ఉంది. దయచేసి దాన్ని మన బడి నోటీసు బోర్డు మీద రాయించండి.

సంఘం పెద్దలకు ఒక ప్రతిపాదన. మన పూర్వ విద్యార్థుల్లో డాక్టర్లు చాలామంది ఉన్నారు, ఈ హాల్లోనే ఉన్నారు. ఏడాదికొక ఆదివారం ఈ బడిలో చర్మవ్యాధుల శిబిరం పెడదాం. అనుమానం ఉన్న పిల్లవాడిని, వెంట ఒక పెద్దమనిషిని వైద్య కళాశాల దాకా పంపడానికి బస్సు చార్జీ, ఆ రోజు పోయిన కూలి జూబిలీ నిధిలోంచి ఇద్దాం. పరీక్షలు ఉచితమే, పల్లెలో ఇంటివాళ్లను ఆపేది ఆ రెండు ఖర్చులే. మొదటి ఏడాది ఖర్చు నేను పెట్టుకుంటాను, కార్యదర్శిగారు రాసుకోవాలి.

భోజనాలు సిద్ధంగా ఉన్నాయట, పదండి.